హనోకు ఇంటి పంట

హలో... ఆఁ, వినబడుతోందా? అందరికీ నమస్తే, వందనాలు. తిన్నారా? చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి, ఏం ఫరవాలేదు. మా బోధన్ వైపు మనిషి ముచ్చట ఒకటి చెప్తాను. ఇక్కడ చలి మొదలైందంటే నాకు ఈయనే యాదికొస్తాడు.

ఎడపల్లిలో హనోకు అని ఒకాయన ఉండేవాడు. చెరుకు మిల్లులో బాయిలర్ దగ్గర పని. చెరుకు ఆడే సీజన్ మొదలైతే ఆ మంట ఆరకూడదు. పండుగ రానీ, ఇంట్లో జ్వరం రానీ, బాయిలర్ ముందు మనిషి ఉండాల్సిందే. చెరుకు పిప్పి ఎగదోస్తూ, మీటరు ముల్లు చూస్తూ ఆయన వయసంతా ఆ సెగలోనే గడిచింది. మిల్లు పని ఆగిపోయి ఇంటికొచ్చాక ఒక వింత బాధ పట్టుకుంది. ఎప్పుడూ చలే. ఎండాకాలం పొద్దున కూడా భుజాల మీద తువ్వాలు కప్పుకుని కూర్చునేవాడు.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకే భార్య జ్ఞానమ్మ పోయింది. పిల్లలు లేరు. ఇంట్లో మాట వినబడాలంటే రేడియో పెట్టాలి, లేకపోతే పక్కింటి వెంకటవ్వ బీడీలు చుడుతూ కోడిని తిట్టాలి.

వాళ్ల మెథడిస్టు చర్చిలో జనవరి చివర కోత పండుగ చేస్తారు. ప్రతి ఇంటివాళ్లూ పొలంలోనో పెరట్లోనో పండిన మొదటి పంట తెచ్చి దేవుని ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక వాటికి వేలం పాట. పాట నడిపేది జ్ఞానమ్మ తమ్ముడు జీవరాజు. ఒక్కొక్కటి పైకెత్తి, "సాయవ్వ ఇంటిది గుమ్మడికాయ!", "ఎర్రయ్య ఇంటిది పసుపు!" అని చర్చి అదిరేలా అరుస్తాడు. జ్ఞానమ్మ ఏటా చిక్కుడుకాయలు పెట్టేది. పెరడంతా గులకరాళ్ల మొరం. అయినా ఇల్లు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు మోసి మోసి ఒక్క తీగను బతికించేది. "హనోకు ఇంటిది చిక్కుడుకాయ!" అని ఏటా అరిచేవారు గానీ, హనోకు ఒక్కసారి కూడా వినలేదు. ఆ రోజుల్లో ఆయన బాయిలర్ ముందుండేవాడు.

ఆమె పోయాక మొదటిసారి కోత పండుగకు వెళ్లాడు. వట్టి చేతులతో. వెనక గోడకు ఆనుకుని పాట చివరి దాకా విన్నాడు. ఊళ్లో ఉన్న ఇళ్లన్నీ వచ్చాయి, తన ఇల్లు రాలేదు. ఎవరి తప్పూ లేదు. పెట్టలేదు, పిలవలేదు. అయినా ఇంటికి నడిచి వస్తుంటే, తన ఇల్లు ఆ ఊళ్లోంచి తీసేసినట్టే అనిపించింది ఆయనకు. వచ్చే ఏడు తన ఇంటి పేరు ఆ చర్చిలో వినబడాలి. ఆ ఒక్కటే మనసులో నాటుకుంది.

చిక్కుడు గింజలు పెట్టాడు. మొరంలో మొలవలేదు. ఆకుకూర చల్లాడు. ఎండి గడ్డయింది.

రెండువేల నాలుగులో నిజామాబాద్‌లో రైతుమేళా పెట్టారు. అక్కడ ఒక గాజుపెట్టె. కింద నీళ్లలో చేపలు, పైన కంకర మీద పుదీనా. చేపల మురికి నీళ్లు పైకెక్కుతాయి, మొక్కలు ఆ మురికి తిని నీళ్లను శుభ్రం చేసి మళ్లీ కిందికి వదులుతాయి. హనోకు అక్కణ్నుంచి కదలలేదు.

"మట్టి అక్కర్లేదా సారు?"

"చిటికెడు గూడ అక్కర్లేదు పెద్దాయనా. చేపలకు మేతెయ్యి, మొక్కలకు అదే ఎరువు. రెండు సంగతులు మాత్రం యాదిపెట్టుకో. గీ జిలేబి చేప చలికి ఆగది. ఇంకోటి, నీళ్లు రాను రాను పులుస్తయి, జర చూసుకుంటుండాలె."

చలి అన్న మాట హనోకు గుండెలో దిగింది. రెండో మాట చెవి పక్కనుంచి పోయింది.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టాడు. తొట్టిని సగం భూమిలోకి దించి సిమెంటు చేశాడు, నేల వెచ్చదనం నీళ్లకు తగలాలని. చలిగాలి వచ్చే ఉత్తరం వైపు ఇటుక గోడ పెట్టి, మిగతా మూడు వైపులా వెదురు బద్దలు వంచి ప్లాస్టిక్ కాగితం కప్పాడు. ప్లాస్టిక్ డ్రమ్ములు నిలువునా కోసి కంకర నింపి, తొట్టి కంటే ఎత్తున దిమ్మెల మీద పెట్టాడు. చిన్న మోటారు నీళ్లను డ్రమ్ముల్లోకి ఎక్కిస్తుంది, అవి వాటంతటవే కారి తొట్టిలో పడతాయి.

వెంకటవ్వ బీడీల చాట చంకన పెట్టుకుని గోడ మీదుగా చూసింది.

"ఎండలకు మనుషులు మాడే ఊర్ల, చేపలకు చలి పెడ్తదని ఇల్లు కడ్తున్నవా అన్నా?"

"జనవరిల నీకు పెట్టదా చలి?"

"నాకు పెడ్తది. నాకెవ్వలు గట్టిండ్రు ఇల్లు? జర మూలకు జాగ ఉంచు, బీడీలు సుట్టుకుంట కూసుంట."

"పొగాకు కంపుకు చేపలు సస్తయి."

"నీ మొఖం సూసి సావయి గని, నా పొగాకుకు సస్తయా?"

ఇద్దరూ నవ్వారు. ఆ ఎండాకాలంలో హనోకు నవ్వింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

ఇక పొయ్యి. అక్కడ మాత్రం హనోకుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బయట గుంట తవ్వి, పెద్ద డ్రమ్ముతో వరి ఊక పొయ్యి చేశాడు. పొయ్యి మీద మూసిన ఇనుప బుడ్డి, దాంట్లో నీళ్లు. బుడ్డి నుంచి పైపు వెళ్లి తొట్టి నీళ్లలో చుట్టలు చుట్టుకుని మళ్లీ బుడ్డిలోకి వస్తుంది. వేడి నీళ్లు తేలికై పైకి పోతాయి, చల్లారినవి బరువై కిందికి దిగుతాయి. మోటారు అక్కర్లేదు, కరెంటు పోయినా తిప్పలు లేవు. పైపు బిగించడానికి మిల్లులో ఫిట్టరుగా చేసిన రామ్‌దాస్ వచ్చాడు. హనోకు బోధన్ పాత సామాన్ల దుకాణంలో ఏరి తెచ్చిన పైపు చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు.

"రాగిదా? ఇనుపది సాలదారా?"

"ఇనుము తుప్పు పడ్తది. రాగి అయితె సెగను గుంజుకొని వస్తది. పెద్దోళ్లు తాగే నీళ్లు రాగి బిందెల ఎందుకు పోసిండ్రు మరి? మనిషికి మంచిదైంది చేపకు చెడ్డదైతదా?"

"అదీ నిజమే తియ్యి."

ఇద్దరూ బాయిలర్ కాడ బతికినవాళ్లే. పైపు లోపల పారే నీళ్ల సంగతి ఇద్దరికీ తెలుసు. పైపు బయట ప్రాణం ఉంటుందన్న సంగతి వాళ్లకు ఎన్నడూ అవసరం పడలేదు.

వానాకాలంలో బాల్కొండ వైపు నుంచి చేపపిల్లలు తెచ్చి వదిలాడు. వేలంత ఉన్నవి దీపావళికి అరచేయంత అయ్యాయి. కంకరలో పాలకూర, మెంతికూర చెవులు నిక్కబొడుచుకున్నాయి. మేత వేయడానికి వెళ్తే చేపలు నీళ్ల మీదికొచ్చి నోళ్లు తెరిచేవి. "ఆగుండ్రి, ఆగుండ్రి, అందరికుంది" అనేవాడు హనోకు. పొద్దుటి నుంచి ఆయన నోటివెంట వచ్చిన మొదటి మాట చాలాసార్లు అదే.

కోత పండుగకు ఏం తీసుకెళ్లాలో కూడా అనుకున్నాడు. స్టీలు బిందెలో నీళ్లు, దాంట్లో ఎగిరే చేపలు. జీవరాజు చెయ్యి పెట్టి ఒకదాన్ని పైకెత్తాలి, అది తప్పించుకోవాలి, చర్చి అంతా నవ్వాలి. అప్పుడు అరవాలి, హనోకు ఇంటిది అని.

డిసెంబరులో చలి దిగింది. హనోకు పొయ్యి వెలిగించాడు. వెలిగించిన రోజు నుంచి మిల్లు మళ్లీ నడుస్తున్నట్టే ఆయనకు. ఊక కూరడం, బూడిద తీయడం, నీళ్లలో చెయ్యి పెట్టి చూడడం. మంచం కూడా ఆ ప్లాస్టిక్ ఇంట్లోకే మార్చాడు. ఎన్నాళ్లకో ఒళ్లు వెచ్చబడింది.

క్రిస్మస్ ముందు జీవరాజు వచ్చాడు.

"బావా, పండుగ బువ్వ మా ఇంట్లనే. శారమ్మ మరీ మరీ చెప్పమన్నది."

"మంట ఇడిసిపెట్టి ఎట్ల రావాల్రా?"

"మిల్లున్నప్పుడు మిల్లంటివి. ఇప్పుడు చేపలంటున్నవ్. మా అక్క గూడ పండుగ పండుగకు తలుపు కాడ నిలవడి సూసేది."

హనోకు ఊక బుట్ట చేతిలోకి తీసుకున్నాడు. జీవరాజు వెళ్లిపోయాడు. పండుగ నాడు జీవరాజు భార్య శారమ్మ టిఫిన్ డబ్బాలో కూర పంపించింది. తొట్టి గట్టు మీద కూర్చుని చేపలను చూస్తూ తిన్నాడు.

చూశారా, మనుషుల మధ్యకు పోవడానికే ఆయన ఆ చేపలను పెంచాడు. ఆ చేపల కోసమే మనుషుల దగ్గరికి పోవడం మానేశాడు.

కొత్త సంవత్సరం వచ్చాక ఒక పొద్దున ఒక చేప తేలింది. మర్నాడు ఇంకొన్ని. మిగిలినవి మేతకు రావడం లేదు, మూలల్లో చేరి పైకొచ్చి గాలి కోసం నోళ్లు తెరుస్తున్నాయి. చలే, ఇంకేముంటుంది అనుకున్నాడు. మంట పెంచాడు. ఇంకా తేలాయి. ఇంకా పెంచాడు.

వెంకటవ్వ వచ్చి నీళ్లలో చెయ్యి పెట్టి చూసింది. "బాలింతకు పోసే నీళ్లలెక్క ఉన్నయి గదన్నా! ఇంకేం చలి?"

"నీకు తెల్వదు. అడుగున సల్లగుంటయి."

"అడుగున నువ్వున్నవా ఏంది, సూసినట్టు చెప్తున్నవ్?"

ఆయన వినలేదు. బాయిలర్ మనిషికి తెలిసిన మందు ఒక్కటే, ఇంకో బుట్ట ఊక. ఒక్కో చేపను చేతిలోకి తీసుకుని, పెరట్లో జ్ఞానమ్మ చిక్కుడు తీగ ఉన్న చోట పూడ్చి వచ్చి, మళ్లీ మంట ముందు కూర్చునేవాడు.

ఇంతలో అకాల వాన. పొద్దంతా కురిసింది. ఊక కుప్ప తడిసి ముద్దయింది, గుంటలోకి నీళ్లు దిగి పొయ్యి చుయ్యిమని ఆరిపోయింది. హనోకు తడి ఊకతో కొట్లాడి కొట్లాడి చివరికి కూలబడ్డాడు. అయిపోయింది, తెల్లారేసరికి ఒక్కటీ ఉండదనుకుని దుప్పటి ముసుగేసుకున్నాడు.

పొద్దున ముసుగు తీయడానికే భయపడ్డాడు. తీసి చూస్తే నీళ్ల మీద ఒక్క శవం కూడా లేదు. మిగిలిన కొన్ని చేపలు అడుగున మెల్లగా తిరుగుతున్నాయి. ఆ రోజూ మంట లేదు. ఆ మర్నాడూ లేదు. ఒక్కటీ చావలేదు. మూడో పొద్దున ఒకటి పైకొచ్చి మేత అందుకుంది.

హనోకుకు ఏమీ అర్థం కాలేదు. చలి చంపలేదు. మరి చంపిందేంది? బుడ్డి దగ్గర బిగింపులు విప్పి రాగి చుట్టను నీళ్లలోంచి పైకి లాగాడు. నీళ్ల అంచు తగిలిన చోటల్లా పచ్చగా పొక్కులు కట్టి ఉంది.

చద్ది గిన్నె పట్టుకుని వచ్చిన వెంకటవ్వ అక్కడే ఆగిపోయింది.

"అయ్యో, గిది కిలుము గదన్నా! నేనొకపారి రాగి చెంబుల సల్ల పోసిన్నని జ్ఞానమ్మ నన్నెన్ని తిట్లు తిట్టిందో. రాగిల పులుపు పొయ్యద్దు, పోస్తె ఇసం అని."

హనోకు చేతిలోంచి చుట్ట జారింది. మేళాలో ఆ సారు చెప్పిన రెండో మాట అప్పుడు తిరిగొచ్చి చెవిలో పడింది. నీళ్లు పులుస్తయి. పులిసిన నీళ్లలో రాగి. దానికి తోడు సెగ. ఎంత ప్రేమగా కాగబెడితే అంత విషం. జ్ఞానమ్మ ఈ మాట తన ఇంట్లోనే, తన వంటింట్లోనే ఎన్నిసార్లు అని ఉంటుందో! వినడానికి తను ఇంట్లో ఉంటే కదా.

"నేను కాసింది వాటి కోసం కాదు వెంకటవ్వా," అన్నాడు. "నాకే చలి."

వెంకటవ్వ చద్ది గిన్నె గట్టు మీద పెట్టి, పక్కన కూర్చుంది.

కోత పండుగ ఆదివారం రానే వచ్చింది. మిగిలిన చేపలు ఈదుతున్నాయి, పాలకూర నవనవలాడుతోంది. కానీ అంతా ఆ నీళ్లదే. తిన్నవాళ్లకు ఏమవుతుందో ఆయనకు తెలియదు. తెలియనిది దేవుని ముందు పెట్టలేడు. ఇంట్లోనే ఉండిపోదామని తలుపు సగం వేశాడు కూడా. అప్పుడు గోడకు ఆనించిన రాగి చుట్ట కనబడింది. ఏమనుకున్నాడో, చింతపండు నానబెట్టి, జ్ఞానమ్మ బిందెలు తోమినట్టు దాన్ని తోమడం మొదలుపెట్టాడు. కిలుమంతా పోయి ఎర్రగా మెరిసింది. భుజాన వేసుకుని నడిచాడు.

గుమ్మడికాయలు, వడ్లు, కోడిపుంజు మధ్య ఆ చుట్టను చూసి చర్చిలో గుసగుసలు. పాటలో దాని వంతు వచ్చింది. జీవరాజు దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"బావా, గిదేం పంట?"

హనోకు వెనక గోడ దగ్గర లేచి నిలబడ్డాడు. "ఈ ఏడు నాకు గిదే పండింది."

చర్చి అంతా ఘొల్లున నవ్వింది. జీవరాజు మాత్రం నవ్వలేదు. చుట్టను రెండు చేతులా పైకెత్తాడు. అక్క గుర్తొచ్చిందో ఏమో, చిక్కుడుకాయకు అరిచినంత గట్టిగా అరిచాడు.

"హనోకు ఇంటిది... రాగి పైపు!"

హనోకు కళ్లు మూసుకుని విన్నాడు.

ఎవరు పాడతారు రాగి పైపును? ఆడవాళ్ల వైపు నుంచి శారమ్మ లేచింది. "నాకియ్యి."

"నీకెందుకు? గాజులు చేపిచ్చుకుంటవా?" అన్నాడు మొగుడు.

"తానాల నీళ్ల బాయిలర్ కారబట్టి ఏడాదాయె. నువ్వు బాగు చేపియ్యవైతివి. అన్న వచ్చి బిగిస్తడు. ఏమన్నా, ఇప్పుడు మంట లేదు గద?"

"లేదు చెల్లె," అన్నాడు హనోకు.

ఇంటికొచ్చేసరికి ఎండ దిగుతోంది. ప్లాస్టిక్ ఇల్లు చల్లగా ఉంది. పొయ్యి గుంట దగ్గరికి వెళ్లగానే చెయ్యి దానంతటదే ఊక బుట్ట మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాడు. ఇన్నాళ్లు ఎదురుచూసిన పేరు ఒక్క అరుపులో అయిపోయింది. ఇల్లు పొద్దున ఎంత ఖాళీగా ఉందో ఇప్పుడూ అంతే. నీళ్లలో చేపలు ఆయనతో పనేమీ లేనట్టు తిరుగుతున్నాయి. తువ్వాలు భుజాల మీదికి లాక్కుని, పెట్టెలోంచి పాత పానా తీసి, పొద్దున శారమ్మ ఇంటికి పోయేటప్పుడు మర్చిపోకుండా కాలికి తగిలేలా గడప పక్కన పెట్టుకున్నాడు.

అంతేనండీ. మీకు తెలిసినవాళ్లలో ఇట్లా ఏదో ఒక మంట కాచుకుంటూ ఒక్కరే కూర్చున్నవాళ్లు ఉంటారు. ఈ కథ వాళ్ల దగ్గరికి చేరేలా పది మందికి పంపండి. పంపి ఊరుకోకండి, మా ఇంట్లో ఏదో కారుతోంది, జర వచ్చి చూడమని పిలవండి. ఉంటాను మరి.