హ్యాండిల్ మీద టోపీ

ఆ అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మేనేజరు మాట కన్నా ఒక టోపీకి ఎక్కువ విలువ ఉండేది.

అది పెద్ద ఎలక్ట్రీషియన్ టోపీ. నీలిరంగు వెలిసిపోయింది. చిరిగినచోట అతని భార్య ఎర్రగుడ్డతో అతుకు వేసింది. ఏ మిషన్ విప్పాలన్నా అతను ముందు గోడమీది మెయిన్ స్విచ్ ఆపి, దాని హ్యాండిల్‌కి ఆ టోపీ తగిలించేవాడు. టోపీ అక్కడున్నంతసేపూ ఆ స్విచ్ జోలికి ఎవరూ పోయేవారు కాదు.

"బావా, నీ తల కన్నా నీ టోపీకే మర్యాద ఎక్కువ," అని ఏడిపించేవాడు చిన్న ఎలక్ట్రీషియన్. అతను పెద్దాయన భార్యకు తమ్ముడు.

"తలలో ఏముందో మీ అక్కనడుగు, తీరిగ్గా చెబుతుంది. టోపీకి వంక పెట్టినవాడు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు బామ్మర్దీ!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. నిజానికి అది నవ్వుకోవలసిన సంగతి కాదు. స్విచ్‌కి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని మరీ పనిలోకి దిగాలి. ఆ ఫ్యాక్టరీ ఒక విదేశీ కంపెనీది; ఆ కంపెనీ తన సొంత దేశంలో అలాగే చేయిస్తుంది. ఇక్కడ తాళాలు కావాలని అడిగితే మేనేజరు, "అది కాంట్రాక్టరు చూసుకోవాలయ్యా," అనేవాడు. కాంట్రాక్టరు, "ఫ్యాక్టరీ వాళ్లది, తాళం నాదా?" అనేవాడు. అక్కడి హెడ్డాఫీసు నియమాలు పంపేసి, తన పని అయిపోయిందనుకుంది. ముగ్గురూ వదిలేసిన పనిని ఒక పాతటోపీ మోస్తూ వచ్చింది.

ఆ సోమవారం, షిఫ్టుకు మనుషుల్ని పెట్టే కాంట్రాక్టు ఇంకొకరి చేతికి మారింది. కొత్త మనుషులు వచ్చారు, కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. టోపీ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఎవరు చెప్పాలో ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం జిగురుమిషన్ మోటారు మొరాయించింది. పెద్ద ఎలక్ట్రీషియన్ స్విచ్ ఆపాడు, టోపీ తగిలించాడు, మిషన్ వెనక్కి దూరి వైర్లు విప్పాడు. తొట్టిలో జిగురు గట్టిపడుతోందని కొత్త సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. అక్కడినుంచి మిషన్ వెనకభాగం కనబడదు. హ్యాండిల్‌కి టోపీ కనబడింది. పాపం, ఎవరో మర్చిపోయి ఉంటారనుకున్నాడు. దాన్ని తీసి, దుమ్ము దులిపి, పక్కనున్న కొక్కేనికి జాగ్రత్తగా తగిలించాడు.

స్విచ్ వేశాడు.

ఒక్కటే కేక. చిన్న ఎలక్ట్రీషియన్ గోడౌన్‌లోంచి పరిగెత్తుకొచ్చి స్విచ్ ఆపేసరికి అంతా అయిపోయింది.

"అన్నా, ఎవరో మర్చిపోయారనుకున్నానన్నా! పోతుందేమోనని తీసి పెట్టానన్నా!" అంటూ కొత్త సూపర్‌వైజరు నేలమీద కూలబడ్డాడు. తిట్టడానికి వచ్చినవాళ్లే అతన్ని పట్టి లేపారు.

హెడ్డాఫీసు నుంచి విచారణాధికారిణి వస్తోందని కబురొచ్చింది. ఆ మర్నాడే స్విచ్ పక్కన ఎర్రటి కొత్త పెట్టె ఒకటి వెలిసింది. దాని నిండా మెరిసే తాళాలు. మేనేజరు చిన్న ఎలక్ట్రీషియన్‌ని తన గదికి పిలిచి తలుపు మూశాడు.

"తాళాలు ఎప్పటినుంచో ఉన్నాయి. మీ బావే వాడలేదు. ఈ ఒక్క ముక్క చెప్పు చాలు."

"సార్, అది అబద్ధం కదా..."

"పోయినవాడికి కొత్తగా పోయేదేముందయ్యా? ఉన్నవాళ్ల సంగతి ఆలోచించు. నీ ఉద్యోగం ఉంటుంది. మీ అక్కకు క్యాంటీన్‌లో పని చూస్తా. కాదంటావా, ఇద్దరూ రోడ్డున పడతారు."

అతను తల వంచుకుని బయటికి వచ్చాడు. ఆ రాత్రి అక్క పెట్టిన అన్నం తినకుండానే లేచిపోయాడు.

విచారణ ఆ స్విచ్ ముందే జరిగింది. విచారణాధికారిణి అడుగుతుంటే పక్కనున్న దుబాసీ తెలుగులో చెబుతున్నాడు. చనిపోయినవాని భార్య ఓ పక్కన నిలబడింది. ఆమె చేతిలో ఆ టోపీ ఉంది.

"ప్రమాదం జరిగిన రోజు తాళాలు ఇక్కడ ఉన్నాయా?"

చిన్న ఎలక్ట్రీషియన్ అక్క వైపు చూడలేదు. "ఉన్నాయండీ," అన్నాడు.

అక్క ఉలిక్కిపడింది. టోపీని గుండెకు అదుముకుంది.

"మంచిది. ఒక తాళం వేసి చూపించండి."

అతను పెట్టెలోంచి ఒక తాళం తీశాడు. హ్యాండిల్‌కి ఉన్న రంధ్రంలోకి దాని కొక్కేన్ని దూర్చబోయాడు. దూరలేదు. ఇంకొకటి తీశాడు. అదీ దూరలేదు. అన్నీ ఒకే లావు. రంధ్రం సన్నం. తాళాలు కొన్నవాడు రంధ్రం ఎంతుందో చూసుకోనేలేదు. మేనేజరు ఒక అడుగు ముందుకు వేశాడు.

"సరిగ్గా పెట్టవయ్యా!" అని అరిచాడు.

చిన్న ఎలక్ట్రీషియన్ తాళాన్ని నేలమీద పడేశాడు. "పట్టదు సార్. ఎలా పడుతుంది? నిన్నగాక మొన్న తెచ్చారు. మా బావ ఎన్నిసార్లు అడిగాడో మీకు తెలియదా? నేనూ అబద్ధమాడానమ్మా," అని విచారణాధికారిణికి చేతులు జోడించాడు. "అక్కా, నన్ను క్షమించు."

అప్పుడు కదిలింది అక్క. స్విచ్ దగ్గరికి నడిచి, భర్త టోపీని ఆ హ్యాండిల్‌కి తగిలించింది.

"ఇది పట్టింది చూడండి. మీరంతా కలిసి ఆయనకిచ్చిన తాళం ఇదొక్కటే. ఇదీ ఆయన సొంతదే."

విచారణాధికారిణి మేనేజరు వైపు తిరిగింది. "ఇక్కడ కరెంటు భద్రతకు బాధ్యులెవరు?" అని అడిగింది. మేనేజరు కొత్త కాంట్రాక్టరు వైపు చూశాడు. కాంట్రాక్టరు మేనేజరు వైపు చూశాడు.

"మా దేశంలో ప్రతి ఫ్యాక్టరీలోనూ దానికంటూ ఒక మనిషి ఉంటాడు," అంది ఆమె నెమ్మదిగా. "ఇక్కడ ఇక్కడివాళ్లు చూసుకుంటున్నారనుకున్నాం."

దుబాసీ ఆ మాట చెప్పగానే చనిపోయినవాని భార్య తలెత్తింది.

"వీళ్లున్నారని మీరనుకున్నారు. మీరున్నారని వీళ్లనుకున్నారు. మధ్యలో మా ఆయన ఉన్నారమ్మా."

విచారణాధికారిణి ఆ మాటను తన కాగితంలో ఉన్నదున్నట్టు రాసుకుంది.

మేనేజరును ఉద్యోగంలోంచి తీసేశారు. ఎవరి తాళం వారికి ఇచ్చే ఏర్పాటు జరిగింది. కరెంటు భద్రత చూడడానికి ఒక మనిషిని నియమించారు. షిఫ్టు ఎవరి చేతికి మారినా, అతను చెప్పనిదే మిషన్ కదలదు. చిన్న ఎలక్ట్రీషియన్ ఇప్పుడు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, ఆ జేబును ఒకసారి తడుముకున్నాకే పనిలోకి దిగుతున్నాడు. ఇంట్లో గోడమీద టోపీ ఉంది. దాన్ని పెట్టుకునే తల లేదు.

సరిహద్దులు దాటి వ్యాపారం చేసే పెద్దలారా! మిషన్లను ఏ దేశానికి తీసుకువెళ్లినా, వాటితోపాటు మీ భద్రతనూ తీసుకువెళ్లండి. కరెంటు ఆపి, ఆగిందని పూచీపడే మనిషి ఎవరో పని మొదలయ్యేముందే తేల్చండి. ప్రాణం పోయాక తేలే బాధ్యత వల్ల ఏ ఇంటి దీపమూ తిరిగి వెలగదు.