ముగ్గురం వేసిన చుక్కలు

"గుడ్ న్యూస్! తొందరగా రా" అని మా ఆయన మెసేజ్ వచ్చేసరికి నేను కళ్ళజోళ్ళ షాపులో ఒక పెద్దాయన చేత గోడ మీది అక్షరాలు చదివిస్తున్నాను. ఆయన చివరి వరుస దగ్గర తడబడుతుంటే నేను ఫోను చూసుకుని గంతేశాను. పక్క కౌంటరు అక్క నా భుజం మీంచి మెసేజ్ చదివేసింది.

"పెళ్ళై మూడు నెలలేగా! అయినా ఆ గుడ్ న్యూసేదో నువ్వు చెప్పాలి గానీ, ఆయన చెప్పడమేంటే?"

"నాకు కాదక్కా, మా రాణికి. గుడ్లు పెట్టింది."

"కోడా అమ్మా?" అన్నాడు పెద్దాయన, ఒక కన్ను మూసుకునే.

"చేపండి!"

మా ఆయన వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాడు. పెళ్ళికి ముందే నాతో ఒక మాట అనేశాడు: "నాతోపాటు ఒక చిన్న సముద్రం కూడా వస్తుంది, ఇబ్బందా?" ఆ సముద్రం మా ముందుగదిలో ఉన్న రెండొందల లీటర్ల ఉప్పునీళ్ళ తొట్టి. అందులో మెత్తటి వేళ్ళు ఊపుతున్నట్టుండే బతికున్న పగడాలు, వాటి మధ్య నారింజరంగు మీద తెల్లచారల చేపలు రెండు. పెద్దది రాణి. చిన్నవాడు దొర. నాలుగేళ్ళుగా మా ఆయన ఎదురుచూసింది ఈ గుడ్ల కోసమే. పొదగడానికి ఎనిమిది తొమ్మిది రోజులు. ఇంటికెళ్ళి చూస్తే రాతి పక్కన ఆవగింజలంత గుడ్లు, వందకు పైనే. దొర రెక్కలతో వాటికి విసురుతున్నాడు, రాణి దర్జాగా చుట్టూ తిరుగుతోంది.

"మగాడు విసనకర్ర పట్టడం ఈ ఇంట్లోనే చూస్తున్నా" అంది అత్తయ్య. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసి రిటైరైంది.

ఆ సంబరంలో మా ఆయన చేపల కొట్టు నుంచి గోధుమరంగు సీసా ఒకటి తెచ్చాడు. బలం మందట. విటమిన్లు, నూనెలు, ఇంకా ఏవేవో. వారానికి రెండుసార్లు, ఐదేసి చుక్కలు అని దాని మీద రాసుంది. సీసాను తొట్టి పక్కన అరలో పెట్టాడు.

ఆరో రోజు సెలవు. మా ఆయన పొద్దున్నే ఎవరింట్లోనో నీళ్ళు కక్కుతున్న మెషీను చూడ్డానికి వెళ్ళాడు. నేను కాఫీ పట్టుకుని తొట్టి ముందుకొచ్చి అక్కడే నిలబడిపోయాను. నీళ్ళు బియ్యం కడిగినట్టున్నాయి. పగడాలన్నీ వేళ్ళు ముడుచుకుని రాళ్ళలా ఉన్నాయి. రాణి పైకొచ్చి నోరు తెరిచి మూస్తోంది. దొర మాత్రం గుడ్ల దగ్గరే ఉన్నాడు. విసురుతున్నాడు, ఆగుతున్నాడు, రొప్పుతున్నాడు, మళ్ళీ విసురుతున్నాడు.

"అత్తయ్యా!"

ఆవిడ ఒక్క చూపు చూసి, "ఊపిరాడట్లేదు వాటికి. ఆ కొట్టాయనకు ఫోన్ చెయ్యి" అంది.

కొట్టాయనను మా ఆయన పగడాల మామ అంటాడు. స్పీకర్‌లో పెట్టాను.

"గాలి మోటారు ఇంకోటి ఉందా? పెట్టెయ్యండి. కలిపిన ఉప్పునీళ్ళు ఎన్నున్నాయి?"

"ఒక డ్రమ్ము. నలభై లీటర్లు."

"తొట్టి నీళ్ళంత వెచ్చన చేసి అప్పుడే మార్చండి. చల్లగా పోశారో, ఉన్నవి కూడా పోతాయి. ఇంతకీ ఏం వేశారు?"

రాణి బాలింతరాలు కదా, పిల్లలు గట్టిగా పుట్టాలి కదా అని, మా ఆయనకు తెలియకుండా రోజూ పొద్దున్నే పది చుక్కలు వేస్తున్నాను. పిల్లలు పుట్టాక చెప్పి మురిపిద్దామనుకున్నాను.

"బలం మందు... రోజూ... నేనే వేశాను."

అత్తయ్య నా వైపు తిరిగింది. ఆవిడ ముఖం పాలిపోయింది.

"పొద్దున్నా? మరి మధ్యాహ్నం నేను వేస్తున్నానే అమ్మాయ్!"

"అత్తాకోడళ్ళు ఇంత సఖ్యంగా ఉండటం చేపలకు మంచిది కాదమ్మా" అన్నాడు ఫోన్లో పగడాల మామ. "ముందు నీళ్ళు చూడండి."

డ్రమ్ములో హీటరు వేశాం. నీళ్ళు వేడెక్కవే! అత్తయ్య అర నిమిషానికోసారి థర్మామీటరు తీసి చూస్తోంది. రాణి ఒకసారి పక్కకు ఒరిగింది. నేను కళ్ళు మూసుకున్నాను. నాలుగేళ్ళు ఎదురుచూసిన మనిషికి ఏం ముఖం పెట్టుకుని చెప్పను?

తలుపు తోసుకుని మా ఆయన వచ్చాడు. భుజానికున్న పనిముట్ల సంచి అలాగే జారిపోయింది.

"నువ్వు నన్ను తిట్టు, కొట్టు, కానీ ముందు ఆ పైపు పట్టుకో!" అన్నాను. అత్తయ్య ముందు ఆయన్ని ఎప్పుడూ 'మీరు' అనేదాన్ని. ఆవిడ విని కూడా విననట్టు థర్మామీటరు చూసుకుంది.

ఏం వేశామో ఇద్దరం చెప్పేశాం. ఆయన తిట్టలేదు. పైపు తొట్టిలో పెట్టి, తల దించుకుని అన్నాడు:

"సాయంత్రం నేను వేస్తున్నాను. నువ్వు స్నానానికెళ్ళినప్పుడు. నీకు చెబితే నవ్వుతావని."

ఎవరం నవ్వలేదు. పాత నీళ్ళు బకెట్లోకి పోతుంటే, కొత్త నీళ్ళు సన్నటి ధారగా లోపలికి వదిలాం. సగం డ్రమ్ము అయింది. డ్రమ్మంతా అయింది. గాలి మోటారు గురగురమంటోంది. ముగ్గురం నేల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాం.

మధ్యాహ్నానికి రాణి పైనుంచి కిందికి దిగింది. అప్పుడు మా ఆయన మెల్లగా అడిగాడు: "గుడ్లు?"

నా హ్యాండ్‌బ్యాగులో షాపు టార్చి, భూతద్దం ఎప్పుడూ ఉంటాయి. అద్దానికి ముక్కు ఆనించాను. కొన్ని తెల్లగా పాలిపోయాయి. పాతికో ముప్పైయో. అవి పోయినట్టే. వెలుతురు కొంచెం పక్కకు జరిపాను. మిగిలిన ప్రతి గింజలోనూ రెండు వెండి చుక్కలు మెరిశాయి.

"కళ్ళు! కళ్ళొచ్చాయండీ!"

రోజుకు యాభై జతల కళ్ళు చూస్తాను. ఇంత చక్కని జతలు ఎన్నడూ చూడలేదు. మా ఆయన భూతద్దం లాక్కున్నాడు, అత్తయ్య ఆయన దగ్గర లాక్కుంది.

పగడాల మామకు మళ్ళీ ఫోన్ చేసి బతికాయని చెప్పాం. "అసలు ఆ మందు ఎందుకూ పనికిరాదా?" అని అడిగాను.

"శుభ్రంగా తినే చేపకు దాంతో పనేముందమ్మా? తిండి సరిగ్గా తినని కొత్త చేపకైతే, తిండికి ఒక చుక్క పట్టించి పెట్టొచ్చు. నీళ్ళలో పోస్తే చేపకంటే ముందు క్రిములు బలిసి, నీళ్ళలోని గాలంతా పీల్చేస్తాయి."

"మరి మావాడికెందుకు అమ్మావయ్యా?" అంది అత్తయ్య.

"వద్దని రెండుసార్లు చెప్పానమ్మా. తండ్రి కాబోయేవాడు వింటాడా?"

అత్తయ్య లేచి లోపలికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళు వార్డులో, రాసి సంతకం పెట్టనిదే ఎవరికీ ఒక్క మాత్ర కూడా వెయ్యలేదట. "ఇంట్లో రాయాలని తోచలేదు చూడు. చేపే కదా అనుకున్నా" అని గొణుక్కుంటూ, స్కేలుతో గీతలు గీసిన కాగితం తెచ్చి తొట్టి పక్కన అతికించింది. తేదీ, టైము, ఏం పెట్టారు, సంతకం. దారం కట్టి పెన్ను కూడా వేలాడదీసింది. సీసాను ఆవిడే బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఇక వినండి. రేపు తొట్టికి ఎవరూ ఏమీ పెట్టకూడదు. పొద్దున్న ఎనిమిదింటికి ముగ్గురం కొట్టుకెళ్ళి, పుట్టబోయే పిల్లలు తినే ఆ కంటికి ఆనని పురుగుల నీళ్ళు తెచ్చుకుందాం. నువ్వు" అని నా వైపు చూసింది, "భూతద్దం మర్చిపోకు. వాడిని మాత్రం మనిద్దరి మధ్య నడిపిద్దాం. మళ్ళీ ఇంకో సీసా కొంటాడు."