ఓమోవా లోయలో ఒక్క గూడు

ఆ ఏడు ఓమోవా లోయలో గూడు కట్టింది ఒక్క జంటే. నల్ల మఖమల్‌లా మెరిసే ఆ ఓమావో పిట్టలు పసిఫిక్ సముద్రంలోని ఈ ఫాతు హివా దీవిలో తప్ప ఇంకెక్కడా లేవు. ఇక్కడ కూడా అన్నీ కలిపి ఇరవైకి మించవు.

వాటిని కనిపెట్టుకుని ఉండటం మోఏయాతా పని. గుడ్లు తినే ఎలుకలకు పెట్టిన బోనులు చూసుకుంటూ రోజూ కొండెక్కేది. ఒక మధ్యాహ్నం తన అక్క తాహియాహూయి ఇంటికి వెళ్లి ఫోన్ చూపించింది. గూటి చెట్టుకు కట్టిన కెమెరా మూడు రోజుల కిందట తీసిన ఫొటో. కొమ్మ మీద పిల్లి, దాని నోట్లో తల్లిపిట్ట. పిల్లికి ఎడమ చెవి సగమే ఉంది.

“సగం చెవి పిల్లులు ఊళ్లో బోలెడున్నాయి” అంది అక్క.

“ఎవరింట్లో ఉన్నాయో చెప్పు, వెళ్లి అడుగుతా.”

తాహియాహూయి తల దించుకుంది. ఫొటోలోది మీమీ, ఆమె భర్త కోహూ పెంచిన పిల్లి. పోయినేడు చేపల వేటకు వెళ్లిన కోహూ తిరిగి రాలేదు. అది ఇప్పటికీ అతని చొక్కా మీదే పడుకుంటుంది.

“ఆయన శవం కూడా దొరకలేదు నాకు. దీన్ని కూడా తీసుకుపోతావా?”

“నేను తీసుకుపోనక్కా. రేపు పొద్దున నాతో ఒకసారి పైకి రా. అంతే.”

మర్నాడు ఇద్దరూ గూటి చెట్టు కింద కూర్చున్నారు. కాసేపటికి మగపిట్ట పురుగును కరుచుకుని వచ్చి గూటి అంచున వాలింది. లోపలికి వంగి చూసింది. పిలిచింది. పురుగును గూట్లోనే వదిలి ఎగిరిపోయింది. మళ్లీ ఇంకో పురుగుతో వచ్చింది.

“పిల్ల ఏదీ?” అక్క గొంతు తగ్గించి అడిగింది.

“తల్లి పోయిన రాత్రే పోయింది.”

“ఎన్నాళ్లుగా తెస్తోందిలా?”

“ఇది నాలుగో రోజు.”

కోహూ పోయాక రెండు నెలలు అతని గిన్నెలోనూ తాహియాహూయి సీమపనస ముద్ద, పోపోయి, వడ్డించింది. పొద్దున్నే వచ్చి ఆ గిన్నె కడిగిపెట్టింది మోఏయాతానే.

పడవ వచ్చిన రోజు తాహియాహూయి మీమీని బుట్టలో పెట్టి, కింద కోహూ చొక్కా పరిచి రేవుకు తెచ్చింది. పక్క దీవి హివా ఓవాలో ఆమె చిన్నాన్న కూతురు ఉంది. అక్కడ ఈ పిట్టలు లేవు.

“ఏం తింటుందొదినా ఇది?” అడిగాడు పడవవాడు.

“చేప తలకాయలు. ముళ్లు తీసి పెట్టాలి. మీ అన్న అలా అలవాటు చేశాడు.”

“మా ఆవిడ నాకే తీసిపెట్టదు.”

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. పడవ కొండమలుపు దాటేదాకా చెల్లెలు ఆమె భుజం వదల్లేదు.

ఆ మగపిట్ట మరో వారం గూటికి వస్తూనే ఉంది. ఆ తర్వాత కనబడలేదు. మరుసటి ఏడు లోయలో ఒక్క గూడూ లేదు. అయినా అక్కాచెల్లెళ్లు ఇద్దరూ కలిసి బోనులు చూడటానికి కొండెక్కుతూనే ఉన్నారు.