అక్క గెలిచిన కుర్చీ

ఆవిడ బట్టలు కుట్టేది. వీధంతా టైలరక్క అని పిలిచేవారు. కుళాయి నీళ్లలో మురుగు కలిసి పక్కింటి పసిపిల్ల చనిపోయిన ఏడాది, పురపాలక అధ్యక్ష పదవికి పోటీకి దిగింది. వెంట ఇంటింటికీ తిరిగింది తమ్ముడే. "మా అక్క కత్తెర పట్టిందంటే గీత తప్పదు, ఓటేసి చూడండి!" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. చివరికి సైగలతో ఓట్లడుగుతుంటే జనం నవ్వారు. నవ్వుతూనే వేశారు.

అక్క గెలిచింది.

ప్రమాణం చేయకముందే పైనుంచి ఉత్తర్వు దిగింది. ఆ ఎన్నిక చెల్లదట. ఇకపై అధ్యక్షుణ్ణి ప్రభుత్వమే నియమిస్తుందట. వీధివాళ్లు ఆఫీసు ముందు బైఠాయించారు. అక్క వాళ్లతోపాటు ఎండలో కూర్చుంది. జనాన్ని చల్లబరచాలనుకున్నారేమో, ఆ కుర్చీలో కూర్చోమని పైవాళ్లు ఆమె తమ్ముడికే కబురు పెట్టారు. అతను సరేనన్న సంగతి ఆవిడకు తల్లి చెబితే తెలిసింది.

తమ్ముడు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "నేను కాదంటే ఇంకెవడో వచ్చి కూర్చుంటాడు కదక్కా. పదవి మనింట్లోనే ఉంది, ఎటూ పోలేదు."

"పదవి ఎటూ పోలేదురా. ఓట్లేమయ్యాయి?"

"ఊరుకోవే," అంది తల్లి. "వాడు బాగుపడితే నీకెందుకు కడుపుమంట?"

ఆ మాట వీధిలోకీ పాకింది. ఆఫీసు ముందు జనం పలచబడ్డారు. నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాళ్లే జాకెట్టు కొలతల నెపంతో వచ్చి, "మీ తమ్ముడితో మావాడి ఉద్యోగం గురించి ఓ మాట చెప్పక్కా," అని నసిగేవారు.

కొత్త పైపులు పెద్ద ఇళ్లవైపు పడ్డాయి. అక్క ఆఫీసుకు వెళ్లింది.

"ఇంటికి రావచ్చుగా, ఇక్కడిదాకా ఎందుకు?" అన్నాడు తమ్ముడు.

"ఇంట్లో నువ్వు నా తమ్ముడివి. నాకు పని అధ్యక్షుడితో. మన వీధికి పైపులెప్పుడు?"

అతను లేచి తలుపు దగ్గరకు వేశాడు. "నన్ను కూర్చోబెట్టినవాళ్లు అటే వెయ్యమన్నారక్కా. కాదంటే రేపే పీకేస్తారు."

"మరి వీధివాళ్లు?"

"వాళ్లు నన్నేం చేయగలరు?"

పొగరుతో అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు అన్నాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ అతనితో మాట్లాడలేదు.

ఏడాది తిరక్కుండానే అతన్నీ పీకేశారు. ఊరికి ముఖం తెలియనివాడెవడో వచ్చి కూర్చున్నాడు. తమ్ముడు అక్క దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "జనాన్ని పోగు చెయ్యక్కా. నీ మాటంటే వస్తారు."

"నీ కోసం కాదు," అంది అక్క. ఎన్నికలు మళ్లీ పెట్టమని అడగడానికి కుట్టుపని పక్కనపెట్టి వీధిలోకి నడిచింది.

ఎవరూ తలుపులు వేసుకోలేదు. కూర్చోమన్నారు, మంచినీళ్లిచ్చారు. ఆఫీసు ముందుకు వస్తామని మాత్రం ఒక్కరూ అనలేదు. చివరికి పసిపిల్లను పోగొట్టుకున్న పక్కింటావిడ మెల్లగా చెప్పింది:

"నీ మీద కోపం లేదక్కా. కానీ ఎవరు కూర్చుంటే మాకేంటి?"