తడి ఆరేదాకా

యూనిఫామ్ మీది రక్తం వేడినీళ్ళకు పోదు. చన్నీళ్ళలో నానబెట్టాలి. పెరట్లో కూర్చుని ఉతుకుతుంటే మా అత్త యేసుమణి లోపలినుంచే కేకేసింది.

“ఒక్క గుడ్డ ఎంతసేపు రుద్దుతావమ్మే? పొయ్యి ఎప్పుడు ముట్టిస్తావు? బొమ్మలు గీసేదానికైతే టైముంటది!”

బొమ్మలంటే నా పలక. మార్కాపురం పలకల గనిలో పనిచేసిన మా నాయన ఇచ్చిన అరచేతంత పలక ముక్క. పదకొండేళ్ళుగా గిద్దలూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రి కాన్పుల వార్డులో నర్సును. నొప్పుల్లో ఒక్కో ఆడది నన్ను ఒక్కోలా పట్టుకుంటుంది. డ్యూటీ దిగాక ఆ చేతులు గీస్తాను. పది నిమిషాలు గీసి, బొగ్గూ ఆకుపసరూ కలిపి రుద్ది చెరిపేస్తాను. అప్పుడుగానీ ఇంటికొచ్చి పోపు వేయలేను. లేకుంటే ఆ అరుపులు నాతోపాటే వంటింట్లోకి వస్తాయి. “జీతం తీసుకునే పనికి ఏడుపేంది?” అంటాడు మా ఆయన ఎడ్విన్. అదే ఆస్పత్రి ల్యాబులో పని అతనిది. ఇద్దరం ఒకే బండిమీద ఇల్లు చేరతాం. అతను మంచమెక్కుతాడు, నేను చీపురు పడతాను.

నిన్నటి చేతిని మాత్రం చెరపలేక, పలకను అట్లాగే ఇంటికి తెచ్చుకున్నాను. అంజలిది తొలి కాన్పు. నల్లమల అంచు గూడెం నుంచి తల్లి మల్లేశ్వరమ్మ తీసుకొచ్చింది. బిడ్డ పుట్టాక రక్తం ఆగలేదు. డాక్టరుకు మూడుసార్లు ఫోన్ చేశాను. చేసినప్పుడల్లా టైము పలకమీద రాసుకుని, తర్వాత కేసు షీటులో ఎక్కించాను. ఆయన గంటన్నరకు వచ్చి మార్కాపురం పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మన్నాడు. దారిలో, నా మణికట్టు మీద అంజలి వేళ్ళు వదులయ్యాయి. తిరిగొచ్చాక ఆ టైముల కిందే ఆ వేళ్ళు గీశాను.

గేటు చప్పుడైంది. ఎడ్విన్, వెనకే ఆస్పత్రి మేనేజరు సుమన్. చేతిలో కాగితం.

“ఫెబీ సిస్టర్, ఇక్కడ ఒక సంతకం.”

చదివాను. నేను డ్యూటీలో బొమ్మలు గీస్తూ కూర్చుని, డాక్టరుకు ఫోన్ చేయలేదట.

“నేను రాసిన కేసు షీటు?”

“అది మార్చి రాసినాంలే సిస్టర్. రెండు నెలలు ఇంట్లో ఉండండి. మళ్ళా తీసుకుంటాం.”

“పెట్టు ఫెబీ,” అన్నాడు ఎడ్విన్. “లేకుంటే ఇద్దరం రోడ్డున పడతాం. అంతా ఈ బొమ్మల పిచ్చితోనే వచ్చింది.”

నా పక్కన గట్టుమీది పలక తీసుకుని, నా బకెట్లో గుడ్డ ముంచి గట్టిగా తుడిచి, నున్నగా నల్లబడ్డ దాన్ని ఎండలో పెట్టాడు. “పీడ పోయింది.”

ఎడ్విన్‌ది కురిచేడు, పలక పట్టకుండా నోటుబుక్కులతోనే చదివిన బడి. ఉత్త నీళ్ళతో తుడిచిన పలక తడి ఆరేదాకానే నల్లగా ఉంటుందని అతనికి తెలియదు.

సుమన్ ఇచ్చిన పెన్ను నా చేతిలో ఉంది. అంచు ముందు ఆరి, నా రాత తేలింది. రెండూ పది. రెండూ ఇరవై ఐదు. రెండూ యాభై. వాటి కింద సన్నగా, తెల్లగా, ఐదు వేళ్ళు.

సుమన్ వంగి ఆ టైములు చదివాడు. అయినా నవ్వాడు. “పలకమీద రాతలు ఎవరు నమ్ముతారు సిస్టర్?”

ఎవరూ నమ్మరు. అది నాకూ తెలుసు. పెన్ను అతని జేబులో పెట్టి లేచాను.

“యాడికి?” ఎడ్విన్ చేయి అడ్డం పెట్టాడు. “నా ఉద్యోగం?”

“అంజలి చచ్చిపోయింది ఎడ్విన్.”

ఆ చేయి తప్పించుకుని బయటికి నడిచాను. ఆస్పత్రి గేటు ముందు మల్లేశ్వరమ్మ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని, కూతురు ఎట్లా పోయిందో చెప్పమని కూర్చుంది. ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

“అక్కా, నీ బిడ్డ దగ్గర నిన్న ఉన్న నర్సును నేనే. మూడుసార్లు పిలిచినా డాక్టరు గంటన్నరదాకా రాలేదు. స్టేషనుకు పోదాం పా. నేను చెప్తా, వాళ్ళు రాసుకుంటారు. సంతకం అక్కడ పెడతా.”