సముద్రం వరకే ఆదా

హిందూ మహాసముద్రం మీద ఎగురుతున్న విమానానికి, దుబాయ్ ఆఫీసులోంచి శ్రీసుధ డేటాలింక్‌లో మెసేజ్ కొట్టి కొత్త దారి చూపింది. వెనకగాలి దొరికి రెండు టన్నుల ఇంధనం మిగిలింది. ఆఫీసు ముదీర్, అంటే మేనేజరు, నరసింహమూర్తి కేకు తెప్పించాడు.

తీరా ముందే వచ్చిన విమానానికి దుబాయ్‌లో రన్‌వే ఖాళీ లేదు. నలభై నిమిషాలుగా ఒడ్డునున్న ఫుజైరా ఊరి మీద గానుగెద్దులా తిరుగుతూ, మిగిల్చిందంతా తగలేస్తోంది.

"సార్, ఇది కూడా రిపోర్టులో రాయాలి కదండీ?"

"మన రిపోర్టు సముద్రం వరకేనమ్మా. ఒడ్డుకొచ్చాక ఖలాస్! నోరు తీపి చేసుకో."

శ్రీసుధ నోట్లోని కేకు చెత్తబుట్టలో ఉమ్మేసింది.

తెరమీద పైలట్ సందేశం వచ్చింది: "ఇంకో చుట్టు తిరగమన్నారు. ఏదైనా దారుందా?"

"ఉంది. మళ్లీ సముద్రం మీదికే పొండి. ఆదా అయ్యేది అక్కడే" అని కొట్టింది.