కొండగట్టుకు పోయిన పెట్టె

చెన్నూరు నుంచి ఇచ్చోడ దాకా ఎవరినైనా అడగండి. ఒక్క పూటలో నలభై కంప్యూటర్లకు ప్రాణం పోసినవాడు ఈ గట్టయ్య ఒక్కడే. స్క్రూ విప్పలేదు, చెమట పట్టలేదు. ఒక్క వేలు కదిపాను, నలభై తెరలూ కళ్లు తెరిచాయి.

అది మొన్నటి వానాకాలం. బొగ్గుగని కాలనీల పిల్లలు ఉద్యోగ పరీక్ష రాయాలంటే కరీంనగర్ దాకా బస్సెక్కాల్సి వస్తోందని మా చుట్టం హనుమండ్లు చెన్నూరులోనే పరీక్షల కేంద్రం పెట్టాడు. కంప్యూటర్లను నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను వాటిలో ఎక్కించే పని మా మనుమరాలు స్పందనకు ఇచ్చాడు. బుధవారం మొదటి పరీక్ష. అందులో గోల్‌మాల్ జరిగితే పిల్లల ఏడాది చదువు మట్టిపాలు. స్పందనకు ఈ చుట్టుపక్కల మళ్లీ ఎవరూ పని చెప్పరు.

లినక్స్ ఎక్కించే ప్రోగ్రాం ప్రతి కంప్యూటరు దగ్గరా ప్రశ్నలు అడుగుతుందట. ఏ భాష? ఏ డిస్కు? ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్ మూటలు, ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? నలభై చోట్ల కూర్చుని జవాబు చెప్పే ఓపిక ఎవరికుంది? స్పందన ఆ జవాబులన్నీ ముందే ఒక ఫైలులో రాసి తన లాప్‌టాప్‌లో పెట్టింది. గోదావరి వైపు మబ్బు కమ్మితే చాలు, మా దగ్గర నెట్ పోతుంది. అందుకని చిన్న కంప్యూటరు లాంటి ఒక నల్ల పెట్టె తెచ్చి వెనక గదిలో తగిలించి, కావలసిన ప్యాకేజీలన్నీ దాంట్లో నింపి, "సామాను ఇక్కడి నుంచే తెచ్చుకో" అని ఫైలులో ఆ పెట్టె నెట్‌వర్కు అడ్రసు రాసింది. పరీక్ష సాఫ్ట్‌వేర్ కూడా తానే కట్టి అందులో పెట్టింది. అది ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు.

మంగళవారం తెల్లవారకముందే ఏవో వైర్లు కావాలని మంచిర్యాలకు బయలుదేరింది.

"తాతా, పది కొట్టంగనే గీ ఎంటర్ నొక్కు. ఇంకేదీ ముట్టకు."

"ముడితే ఏమైతది?"

"పేలుతది."

"గనిల బాంబులు పేల్చినోనికే చెప్తున్నవా బిడ్డా?"

నేను పోసిన ప్రాణం అదన్నమాట. ఒక మీట నొక్కాను. నిజానికి ముందు పక్క మీట నొక్కి, ఏమీ కాకపోయేసరికి ఇది నొక్కాను. పోనీ లెండి, వేలు మాత్రం నాదే.

మధ్యాహ్నం తడిసి ముద్దయి వచ్చింది స్పందన. నలభై తెరలూ వెలుగుతున్నాయి.

"అబ్బ! గింత జల్దిగ అయినయా? నీ చెయ్యి మంచిది తాతా."

మీసం దువ్వుకున్నాను. ఆమె వెనక గదిలోకి పోయింది. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"తాతా, పెట్టె ఏది?"

"హనుమండ్లు పట్టుకపోయిండు. కొండగట్టుకు."

"కొండగట్టుకా!"

మా దిక్కు అది మామూలే. ట్రాక్టరు కొన్నా, బోరు మోటారు కొన్నా ముందు కొండగట్టు ఆంజనేయుడి దగ్గరికి, మా అంజన్న దగ్గరికి పోవాలి, కొబ్బరికాయ కొట్టి సింధూరం పెట్టించాలి. వీటన్నిట్లో అసలైనది ఏదని హనుమండ్లు అడిగితే, ఆ నల్ల పెట్టె అని స్పందనే చెప్పింది. నలభైని మోసుకుపోలేడు కదా, అసలుదాన్నే జీపులో పెట్టుకుపోయాడు.

స్పందన ఫోను చేసింది.

"కోడలా, దర్శనం మంచిగైంది! పంతులు గిది ఏ బండి సామానని అడిగిండు."

"మామా, పెట్టె తీగ ఎప్పుడు పీకినవ్?"

"తెల్లారంగనే. జర ఫికర్ చెయ్యకు, ఒళ్లె వెట్టుకొని కూసున్న."

ఆమె ఫోను పెట్టేసింది. మా వెనక నలభై మిషన్లు సన్నగా మూలుగుతున్నాయి.

"పెట్టె తెల్లారంగనే పోయింది. నువ్వు పదింటికి నొక్కినవ్. మరి వీటికి సామాను ఎవలిచ్చిండ్రు తాతా?"

"అంజన్న ఇచ్చిండనుకో. కొండనే మోసినోనికి గిదెంత?"

ఆమె నవ్వలేదు. ఒక మిషను ముందు కూర్చుని వెతికింది. పరీక్ష సాఫ్ట్‌వేర్ ఉంది. పేరు అదే. కానీ తాను కట్టినదాని కంటే ఫైలు సైజు కాస్త ఎక్కువుంది. ఎవరో విప్పి, లోపల ఏదో పెట్టి, మళ్లీ కట్టినట్టు. తర్వాత నల్ల పెట్టె అడ్రసుకు ఒక పిలుపు పంపింది. పెట్టె కొండ మీద హనుమండ్లు ఒళ్లో ఉంది. అడ్రసు మాత్రం వెంటనే పలికింది.

మా ఇంటి నంబరు తన తలుపుకు తగిలించుకుని ఎవరో లోపల కూర్చున్నారు.

"పరాయోడు ఇస్తే గివెట్ల తీసుకున్నయ్?"

"నేనే తీసుకొమ్మన్న." లాప్‌టాప్‌లో ఆ ఫైలు తెరిచి చూపించింది. "ప్యాకేజీల మీద సంతకం ఉంటది తాతా. అది మనదేనా అని చూసే కీ జవాబుల ఫైలుల పెట్టాలె. మనింట్ల పెట్టెనే గద అని, సంతకం చూడకు అని రాసిన."

"మా గనిల మందుగుండు గుమాస్తా సొంత తమ్మునికి గూడ సంతకం చూడకుంట ఇయ్యకపోతుండె."

"గీ ముచ్చట ఇప్పుడా చెప్పేది!"

సాయంత్రం సింధూరం పూసిన పెట్టెతో హనుమండ్లు దిగాడు. స్పందన అన్నీ తుడిచి మళ్లీ మొదటి నుంచి ఎక్కిస్తానంటే లబలబలాడాడు.

"మంచిగ నడుస్తున్నయ్ గద! తెల్లారితే పరీక్ష. ఉంచితే ఎవలకు తెలుస్తది?"

"దాంట్ల కూసున్నోనికి తెలుస్తది మామా."

ఆయన పెట్టెను మెల్లగా బల్ల మీద పెట్టాడు. ఆమె పరీక్ష పెట్టేవాళ్లకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. తిట్లు పడ్డాయి. పరీక్షను పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి జరిపారు. స్పందన ఫైలులో కీ పెట్టి, సంతకం చూడకు అన్న మాట కొట్టేసింది. మా పెట్టెను ఇంకా తగిలించకుండా, ముందు ఒక్క మిషనును ఆ పాత అడ్రసు మీదికే వదిలింది. అది సామాను అడిగింది. అటు నుంచి సామాను వచ్చింది. ఈసారి మిషను ఆగిపోయింది. ఈ సంతకం నాకు తెలియదు, తీసుకోను అని తెర మీద పడింది. మేం ముగ్గురం ఆ తెరనే చూస్తూ నిలబడ్డాం. అటువైపు వాడు మళ్లీ ఇవ్వబోయాడు. మళ్లీ.

తీగలు ఒక్కొక్కటే పీకుతూ పోయాం. ఒక తీగ పీకగానే అడ్రసు మూగబోయింది. ఆ తీగ సీలింగు పైకి పోయి ఉంది. నిచ్చెన వేసుకుని నేనే ఎక్కాను. పలకల మీద చేతి వెడల్పున బూడిదరంగు పెట్టె, ముట్టుకుంటే జ్వరం వచ్చిన ఒళ్లులా వేడిగా ఉంది. దించి నీళ్ల బకెట్లో ముంచాను.

తర్వాత స్పందన మా పెట్టెకు కొత్త అడ్రసు ఇచ్చి, నలభై మిషన్లూ మొదటి నుంచి ఎక్కించింది. సంతకాలన్నీ కలిశాయి. బుధవారం పిల్లలు పరీక్ష రాసి పోయారు. ఏ గొడవా రాలేదు.

ఇందులో ఒక ముక్క నేను కల్పించాను. మీరు నిద్రపోవాలి కదా అని. ఏ తీగ పీకినా అడ్రసు మూగబోలేదు, సీలింగు మీద పెట్టె ఏదీ దొరకలేదు. ఎక్కిన మాట నిజం, అక్కడ ఎలుకల పెంటికలు తప్ప ఏమీ లేవు. తీగలన్నీ పీకేశాక కూడా స్పందన లాప్‌టాప్‌కు ఆ పాత అడ్రసు గాలిలోంచి జవాబిస్తూనే ఉంది. ఇప్పటికీ ఆమె అప్పుడప్పుడు ఆ అడ్రసును పిలిచి చూస్తుంది. పలుకుతుంది.